వదలని బ్రేకు

బ్రేకు పడకపోతే మనిషి ప్రాణం పోతుంది. బ్రేకు పడి వదలకపోతే మెకానిక్ పరువు పోతుంది. శుక్రవారం పొద్దున్న పి.గన్నవరంలో, సత్తిరాజుగారి కొబ్బరికాయల షెడ్డు ముందు, నాగదుర్గాప్రసాద్‌కి రెండోది జరిగింది.

తెల్ల అంబాసిడర్ షెడ్డులోంచి దర్జాగా బయటికొచ్చింది. గేటు దగ్గర సత్తిరాజుగారి భార్య భవానీదేవి బ్రేకు తొక్కింది. బండి ఠక్కున ఆగింది. ఆవిడ కాలు తీసి, గేరు వేసి, యాక్సిలరేటర్ నొక్కింది. ఇంజన్ అరిచింది గానీ చక్రం కదల్లేదు.

"దుర్గా, ఇది కారా, గుంజకి కట్టేసిన గేదా?" అందావిడ కిటికీలోంచి తల బయటపెట్టి. డెబ్బై ఏళ్ల మనిషి. శాలువా కప్పుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని స్టీరింగ్ వెనక కూర్చుంటే లారీ డ్రైవర్లు కూడా పక్కకి తప్పుకుంటారు.

"బ్రేకు వదలడం లేదండీ."

"అది నాకూ తెలుస్తోంది. ఎందుకూ అని?"

దుర్గాప్రసాద్ వంగి చక్రం కిందికి చూశాడు.

ఎందుకో అతనికి తెలిసి తీరాలి మరి. ఆ బండి ముందు భాగం మొత్తం విప్పి బిగించింది అతనే. షార్జాలో పాత కార్ల వర్క్‌షాపులో పదేళ్లు చేసి, పోయిన వేసవిలో అమలాపురం వచ్చి సొంతంగా షెడ్డు పెట్టాడు. సొంత గడ్డ మీద దొరికిన మొదటి పెద్ద పని ఇది. బండి కదిలే స్థితిలో లేకపోవడంతో రోజూ మోటార్‌సైకిలు మీద తనే ఇక్కడికొచ్చి, కొబ్బరి దుంగల మీద కారుని ఎత్తి నిలబెట్టి పని చేశాడు. ముందు చక్రాలు పక్కకి తిరిగే కీళ్లలో అరిగిన కింగ్‌పిన్‌లు మార్చాడు. కుదుపు ఆపే రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి వేశాడు. ఈ బండికి ముందువైపు స్ప్రింగులుండవు. వాటి బదులు మెలితిరిగి బరువు మోసే పొడవాటి ఇనుప కడ్డీలుంటాయి. కుడివైపు కడ్డీ అలిసిపోయి బండి కుంటుతుంటే, దాన్ని ఊడదీసి, సరిచేసి, రెండు వైపులా ఎత్తు సమానం చేశాడు. డ్రమ్ములు నునుపు చేయించాడు. కొత్త బ్రేకు షూలు, సిలిండర్లలో కొత్త రబ్బర్లు వేశాడు. గురువారం సాయంత్రం నడిపి చూస్తే వెన్న మీద జారినట్టు పోయింది.

ఇప్పుడేమో గేటు దగ్గర మొండికేసింది.

ఆదివారం రామచంద్రపురంలో పాత కార్ల వాళ్లంతా కలుస్తున్నారు. భవానీదేవి అక్కడికి ఈ బండి నడుపుకుంటూ వెళ్తుంది. దుర్గాప్రసాద్ భవిష్యత్తంతా ఆ ప్రయాణం మీదే ఉంది. షార్జా నుంచి పాత యజమాని మళ్లీ రమ్మంటున్నాడు. వీసా వచ్చింది. సోమవారం రాజోలు ఏజెంటుకి అవునో కాదో చెప్పాలి. భార్య శాంతితో అతనికి ఒక ఒప్పందం ఉంది. ఆదివారం పనికి ఒక్క బండి దొరికినా ఇక్కడే ఉంటాడు. ఒక్కటీ దొరక్కపోతే విమానం ఎక్కుతాడు.

"ఒకటి చాలా?" అని అడిగింది శాంతి.

"ఒకటి బాగా చేస్తే రెండోది అదే వస్తుంది."

మొదటిది బాగా చేయడమే ఇప్పుడు అనుమానంలో పడింది.

అతను ముందు చక్రాలు ఊడదీశాడు. డ్రమ్ములు బలవంతంగా లాగాడు. షూలు, సిలిండర్లు, స్ప్రింగులు అన్నీ బుద్ధిగా ఉన్నాయి. ఏం తప్పో కనపడలేదు. మళ్లీ బిగించి, మధ్యాహ్నం ఎండలో స్టార్ట్ చేస్తే బండి ఏమీ జరగనట్టు కదిలింది. బ్రేకు పడింది, వదిలింది. పదిసార్లు తొక్కినా అంతే.

శనివారం పొద్దున్న మళ్లీ జామ్.

సత్తిరాజుగారు అరుగు మీద కూర్చుని మోకాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ అంతా చూస్తున్నారు. ఆయనకి డ్రైవింగ్ రాదు. కుర్రతనంలో ఒకసారి స్టీరింగ్ పట్టుకుని కాలవలోకి పోనిచ్చారు. అప్పటినించీ బండి మీద చెయ్యి వెయ్యకూడదని భార్య ఆజ్ఞ.

"పొద్దున్న పట్టేసి మధ్యాహ్నం వదిలేస్తోందంటే, ఎవరో కావాలని చేస్తున్నారేమో చూడు దుర్గా," అన్నారాయన.

ఆ మాట దుర్గాప్రసాద్ బుర్రలో మేకులా దిగింది. ఈ బండికి బ్రేకు నూనె పోసే చోటు బానెట్ కింద ఉండదు. డ్రైవరు కాళ్ల కింద మ్యాటు ఎత్తితే ఒక రేకుమూత ఉంటుంది. దాని కింద మాస్టర్ సిలిండర్. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువమంది లేరు. తెలిసినవాళ్లలో మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. పాపారావు. ఇరవై ఏళ్లు ఈ బండికి అతుకులు వేసింది అతనే. పైగా నిన్న, మొన్న భోజనాల వేళ ఇదే సందులో సైకిలు తొక్కుకుంటూ కనిపించాడు.

సొంత బేరం పోయిందన్న కడుపుమంట. పని చెడగొడితే కొత్త మెకానిక్ పరువు పోతుంది. ఎంతకైనా తెగిస్తాడు.

"భోజనానికి వెళ్లొస్తానండీ," అని అందరికీ వినపడేలా చెప్పి, మోటార్‌సైకిలు సందు చివర ఆపి, దొడ్డిదారిన షెడ్డులోకి వచ్చాడు దుర్గాప్రసాద్. వలవని కాయల రాశి వెనక నక్కాడు. ఇల్లంతా తిని కునుకు తీసే వేళ. కాకి కూడా అరవడం లేదు.

పాపారావు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పంచె పైకి ఎగ్గట్టి, వెల్లకిలా పడుకుని, కారు కిందికి పాక్కుంటూ పోయాడు.

దుర్గాప్రసాద్ ఆగలేదు. అవతలి వైపు నించి తనూ కిందికి దూరి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నారండీ పాపారావుగారూ?"

పాపారావు ఉలిక్కిపడి నుదురు ఇనుముకి కొట్టుకున్నాడు. "కనపడట్లేదా తమ్ముడూ? చూస్తున్నాను."

"చూడ్డానికి ఇంత దొంగతనమా?"

"నువ్వుండగా చూస్తే నేర్చుకుంటున్నానని అనుకుంటావు కదా."

"మరి నేర్చుకోవట్లేదా?"

"ఆయ్, నేర్చుకుంటున్నాను. అందుకే నువ్వు లేనప్పుడు వచ్చేను." నుదురు రుద్దుకున్నాడు. "ఆ కుడి కడ్డీ ఎలా ఊడదీసేవయ్యా? ఇరవై ఏళ్లు దానితో కుస్తీ పట్టేను."

"మాట మార్చకండి. మాస్టర్ సిలిండర్లో ఏం కలిపేరు?"

"నేనా? నాకేం పని?"

అంతలో షెడ్డులో చెప్పుల చప్పుడు. ఇద్దరూ నోరు మూశారు. కారు కింద నించి రెండు పాదాలు కనపడుతున్నాయి. మోకాళ్ల దాకా జిడ్డుగా మెరుస్తున్నాయి. డ్రైవరు వైపు తలుపు కిర్రుమంది. పైన మ్యాటు ఎత్తిన చప్పుడు. రేకుమూత తీసిన చప్పుడు. తర్వాత, చెంబులోంచి ఏదో వంచుతున్నట్టు మెల్లగా గళగళ.

సరిగ్గా సిలిండర్ కింద పడుకున్న పాపారావు బుగ్గ మీద ఒక చుక్క పడింది. ఇంకొకటి మీసం మీద. అతను నాలుక చివరతో రుచి చూసి, కళ్లు పెద్దవి చేసి, గుసగుసగా అన్నాడు.

"తమ్ముడూ, ఇది బ్రేకు నూనె కాదు. మంచి గానుగ కొబ్బరినూనె."

ఇద్దరూ చెరో వైపు నించి బయటికొచ్చేసరికి సత్తిరాజుగారు చెంబు పట్టుకుని బిగుసుకుపోయారు.

"మీరా అండీ?" అన్నాడు దుర్గాప్రసాద్.

"మెల్లగా మాట్లాడవయ్యా. అది లేస్తుంది." ఆయన ఇంటి వైపు బెదురుగా చూశారు. "నువ్వు పోసిన మందేదో ఘాటుగా ఉంది. గురువారం నువ్వు వెళ్లేక మూత తీసి చూసేను. అలాంటిది ఇనుముకి మంచిదా? గుడ్డతో అద్ది తీసేసి మన గానుగ నూనె పోసేను. మొదటి ఆడింపు. రోజూ కాస్త తగ్గుతుంటే నింపుతున్నాను."

"ఎవరో కావాలని చేస్తున్నారన్నది మీరే కదండీ?"

"నేను చేసేది మంచి కదయ్యా. చెడ్డ చేసేవాడు ఇంకెవడో ఉన్నాడనుకున్నాను." ఆయన చెంబు కింద పెట్టారు. "ఆదివారం అంత దూరం ఒక్కతీ నడుపుతుంది. బ్రేకు మెత్తగా పడాలని."

దుర్గాప్రసాద్ తల పట్టుకున్నాడు. ఇది ధనుర్మాసం. కోనసీమలో ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే కొబ్బరినూనె నెయ్యిలా గడ్డకడుతుంది. తలకి రాసుకోవాలంటే సీసాని ఎండలో పెట్టాలి. సిలిండర్లో జరిగింది అదే. కాలు తీసినప్పుడు నూనె వెనక్కి వెళ్లే సన్న రంధ్రం పొద్దున్న పూట గడ్డతో మూసుకుపోతోంది. తొక్కితే పట్టుకుంటోంది, తీస్తే వదలడం లేదు. ఎండెక్కగానే కరిగిపోతోంది. తను చక్రాలన్నీ విప్పాడు గానీ ఆ మూత తీసి చూడలేదు. నింపింది తనే కదా అనే ధీమా.

పెద్దాయన మీద కోపం రాలేదు. భయం వేసింది. ఈ నూనె తగిలితే రబ్బర్లు ఉబ్బిపోతాయి. సిలిండర్ విప్పి చూస్తే అనుకున్నట్టే అయింది. రబ్బర్లన్నీ పులిసిన పిండిలా ఉబ్బడం మొదలుపెట్టాయి. మొత్తం మార్చాలి. అవి మద్రాసు నించి తెప్పించినవి. మళ్లీ తెప్పించడానికి వ్యవధి లేదు.

"అయితే షార్జాయే," అన్నాడు తనలో తను.

"ఏం షార్జా?" అన్నాడు పాపారావు, మీసం తుడుచుకుంటూ.

చెప్పకుండా ఉండాల్సింది. ఊళ్లో పోటీదారుడు పోతాడంటే ఎవడికి చేదు? అయినా చెప్పేశాడు. పాపారావు అంతా విని, పంచె దులుపుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి తిరిగొచ్చాడు. చేతిలో దుమ్ము పట్టిన అట్టపెట్టె ఉంది. లోపల కాగితంలో చుట్టిన రబ్బర్లు. ఈ బండివే. ఎప్పుడో కొని, ముందు భాగం విప్పే ధైర్యం చాలక అలాగే దాచాడట. దుర్గాప్రసాద్ ఒక్కొక్కటీ వంచి చూశాడు. పగుళ్లు లేవు. మెత్తగా ఉన్నాయి.

"ఎందుకిస్తున్నారండీ నాకు?"

"నువ్వు షార్జా పోతే ఈ బండి మళ్లీ ఎవడి నెత్తిన పడుద్ది? ఇరవై ఏళ్లు ఆవిడ చేత తిట్లు తిన్నాను తమ్ముడూ. పోయిన నెల నించీ రాత్రులు హాయిగా నిద్రపడుతోంది."

"ఏంటక్కడ గుంపు?" వెనకనించి భవానీదేవి గొంతు. కునుకు అయింది. ముగ్గురి మొహాలూ, చెంబూ చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది. "ఈయన పోసేరా?"

"మంచికేనే," అన్నారు సత్తిరాజుగారు.

"మంచికే. పెళ్లినాటి నించీ అన్నీ మంచికే." చెంగు నడుముకి దోపుకుంది. "దుర్గా, ఇప్పుడేం చెయ్యాలి?"

పైపులు విప్పి స్పిరిటుతో కడిగారు. తెల్లటి మీగడ లాంటిది బొట్లుబొట్లుగా బయటికొచ్చింది. పాపారావు ఒక చక్రం దగ్గర, దుర్గాప్రసాద్ ఇంకో చక్రం దగ్గర కూర్చుని సిలిండర్లలో రబ్బర్లు మార్చారు. ఆ పనిలోనే పాపారావు కడ్డీ రహస్యం కూడా రాబట్టుకున్నాడు. కొత్త నూనె నింపాక పైపుల్లో గాలి తియ్యాలి. దానికి ఒకరు సీట్లో కూర్చుని చెప్పినట్టు పెడల్ తొక్కాలి.

"ఈయన్ని కూర్చోబెట్టండి," అంది భవానీదేవి. "శిక్ష."

సత్తిరాజుగారు ఎన్నో ఏళ్ల తర్వాత స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఆవిడ కిటికీ పక్కన నిలబడి, "తొక్కండి. పట్టుకోండి. ఇప్పుడు వదలండి. కళ్లు తెరవండి, బండి కదలట్లేదు," అంటుంటే ఆయన మొహం పెళ్లికొడుకులా వెలిగిపోయింది. సూర్యుడు కొబ్బరితోట వెనక్కి దిగేలోపు పని అయింది.

ఆదివారం పొద్దున్న మంచు దట్టంగా ఉంది. గేటు దగ్గర భవానీదేవి బ్రేకు తొక్కి వదిలింది. బండి కదిలింది. వెనక సీట్లో దుర్గాప్రసాద్, పాపారావు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ముందు సీట్లో సత్తిరాజుగారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దేన్నీ ముట్టుకోవద్దని ఆజ్ఞ.

"రావులపాలెం మీదుగా వెళ్దామండీ, రోడ్డు బాగుంటుంది," అన్నాడు దుర్గాప్రసాద్.

"అంత చుట్టు ఎవడు తిరుగుతాడు? ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కిద్దాం," అంది భవానీదేవి.

పంటు అంటే నావల మీద చెక్కలు పరిచి చేసిన బల్లకట్టు. గట్టు మీద నించి ఇసుక దారిలో నిటారుగా దిగి, రెండు పలకల మీదుగా దాని మీదికి ఎక్కించాలి. ఎక్కగానే ఆపాలి. ఆగకపోతే ముందు గోదావరే.

వీళ్లు రేవు చేరేసరికి పంటు మీద అప్పటికే ఒక నీలం ఫియట్ ఉంది. అదీ పాతదే. దాని చక్రాల కింద నాలుగు రాళ్లు పెట్టి ఉన్నాయి. పక్కన ఖద్దరు చొక్కాలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. భవానీదేవి బండి గట్టు దిగడం చూసి ఆయన చేతులు అడ్డం ఊపాడు.

"ఆగండమ్మా, జాగా చాలదు."

భవానీదేవి ఆగలేదు. బండి ముక్కు కిందికి వంగింది. గోతిలో పడి లేచింది. కొత్త బుష్‌లు కిక్కురుమనలేదు. పలకలు దడదడలాడాయి. నీలం ఫియట్ వెనకభాగంతో ముందు అద్దమంతా నిండిపోయింది. సత్తిరాజుగారు కళ్లు మూసుకున్నారు. ఆవిడ బ్రేకు తొక్కింది.

బండి అటూ ఇటూ లాగకుండా, గీత గీసినట్టు ఆగింది. ఫియట్‌కీ దీనికీ మధ్య జానెడు జాగా.

పెద్దమనిషి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఆయన పేరు సోమేశ్వరరావు. అమలాపురంలో వడ్ల వ్యాపారం. వెళ్లేది రామచంద్రపురమే, ఆ కార్ల పండక్కే.

"బ్రేకు పడ్డం సరే," అన్నాడు పాపారావు దుర్గాప్రసాద్ చెవిలో. "వదలడం?"

పంటు కదిలింది. నది మధ్యలో చలిగాలి ఎముకల్లో దిగుతోంది. బండి జారుతుందేమోనని భవానీదేవి ఆ దరి దాకా బ్రేకు మీద కాలు తియ్యలేదు. పైపుల్లో కొబ్బరినూనె చుక్క మిగిలున్నా గడ్డకట్టడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు. దుర్గాప్రసాద్ నీళ్ల వైపు చూడలేదు, ఆవిడ పాదం వైపే చూస్తూ కూర్చున్నాడు.

కోటిపల్లి రేవులో పంటుని తిప్పి, ఎక్కిన వైపే గట్టుకి ఆనించి పలకలు వేశారు. వెనకొచ్చిన బండి ముందు దిగాలి. ఆవిడ ఇంజన్ స్టార్ట్ చేసి, రివర్స్ గేరు వేసి, కాలు ఎత్తింది.

టక్.

చక్రాలు వదిలాయి. బండి వెనక్కి నడుచుకుంటూ గట్టు ఎక్కి, పక్కకి తిరిగి నిలబడింది.

సోమేశ్వరరావు తన ఫియట్ చక్రాల కింద రాళ్లు తీయించుకుని, ఇద్దరు కూలీలు ముందు నించి పట్టుకుని నెడుతుంటే, అతి కష్టం మీద గట్టెక్కాడు. దిగి నేరుగా వీళ్ల దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నా బండి బ్రేకు తొక్కితే ఎడంపక్కకి పోతుంది. తొక్కకపోతే ఎక్కడికైనా పోతుంది. మీ బండికి ఎవరు చేసేరు?"

భవానీదేవి బొటనవేలితో వెనక్కి చూపించింది. "ఆ కుర్రాడు. మొహమాటస్తుడు, వాడంతట వాడు చెప్పుకోడు. అమలాపురంలో షెడ్డు. మీ ఊరే కదా, తెలీదా?"

"ఎన్నాళ్లలో ఇస్తావయ్యా? సంక్రాంతి లోపు కావాలి."

అవుననాలని దుర్గాప్రసాద్‌కి నోటిదాకా వచ్చింది. ఫియట్ వైపు చూశాడు. ముందు చక్రాలు రెండూ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉన్నాయి.

"అవదండీ. ముందు భాగం అంతా విప్పాలి. తొందరపెడితే మళ్లీ రాళ్లే పెట్టుకోవాలి."

సోమేశ్వరరావు ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇప్పటిదాకా అందరూ రెండు రోజులన్నారు," అన్నాడు సోమేశ్వరరావు. "రేపు పొద్దున్న పంపిస్తాను. నీ తీరిక."

దుర్గాప్రసాద్ పక్కకెళ్లి శాంతికి ఫోన్ చేశాడు. సగం రింగులోనే ఎత్తింది.

"ఎన్ని బళ్లండీ?"

"ఒకటి."

"ఏ బండి?"

"ఫియట్. బ్రేకుల్లేవు, బుష్‌ల్లేవు, ఏమీ లేవు. చాలా బాగుంది."

అవతల నవ్వు వినిపించింది. "మరి ఏజెంటుకి మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నువ్వే చెప్పు. నాకు మొహమాటం. సోమవారం దాకా టైముంది కదా, మెల్లగా..."

ఆమె అప్పటికే ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎంగేజ్ వచ్చింది. రోడ్డు మీద భవానీదేవి హారన్ కొడుతోంది.