లింటల్ పైన వరసలు

దానయ్య పోయిన కొన్ని నెలలకు ప్రేమమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళింది. నల్లపాడు దగ్గర కొత్తగా కడుతున్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని. దానయ్య తాపీ మేస్త్రి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతనికి సిమెంటు మాలు కలిపి అందించింది ఆమే. అతను పరంజా మీద నుంచి చెయ్యి వెనక్కి చాపితే చాలు, ఇటుక కావాలో, గోడ నిటారు చూసే గుండు కావాలో ఆమెకు తెలిసిపోయేది. పిల్లలు లేరు. పోట్లాడుకున్నా నవ్వుకున్నా ఇద్దరి మాటలూ పని చుట్టూనే తిరిగేవి.

కాంట్రాక్టరు అల్లాబక్షు దానయ్యను ఎరిగినవాడు. "మేస్త్రీలంతా బీహారోళ్ళమ్మా. మాట కలవదు, చూసుకో మరి" అన్నాడు ముందే.

"మాటలతో నాకేం పనండీ. మాలు అందియ్యడమేగా" అంది ప్రేమమ్మ.

మొదటిరోజే మెహర్ అనే మేస్త్రి పైనుంచి "మసాలా" అని కేకేశాడు. పక్క యార్డు నుంచి మిరపకాయల ఘాటు వస్తోంది. దాని గురించే అంటున్నాడేమో అనుకుని ఆమె అలాగే నిలబడింది. అతను విసుగ్గా ఖాళీ బొచ్చె వైపు వేలు చూపించాడు. మాలునే వాళ్ళు మసాలా అంటారన్నమాట. తాపీని కర్నీ అన్నారు. గుండుని సాహుల్ అన్నారు. ప్రేమమ్మ త్వరగానే నేర్చుకుంది. అయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె చెవిన పడేవి ఆ నాలుగు మాటలే. మధ్యాహ్నం వాళ్ళంతా ఒకచోట చేరి తినేవాళ్ళు. ఆమె సిమెంటు బస్తాల నీడన కూర్చుని క్యారేజీ విప్పేది. వరస కలిపి పిలిచే మనిషి అక్కడ ఒక్కరూ లేరు. ఒకరోజు ఇంట్లో అన్నం పెట్టుకుంటూ, ఉన్నట్టుండి "గుండు" అని పైకే అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆమె ఉంటున్నది రేకుల పాక. దాని వెనక దానయ్య కడుతూ వదిలేసిన గోడలు గుమ్మాల పైన లింటల్ దాకా లేచి ఆగిపోయి ఉన్నాయి. బయట పని లేని రోజుల్లో ఇద్దరూ కలిసి లేపినవే. ఎవరో ఒక మేస్త్రిని పిలిచి పూర్తి చేసుకోమని పాస్టరుగారి భార్య ఆరాధన ఎన్నిసార్లో చెప్పింది. ప్రేమమ్మ తల ఊపేది కానీ ఎవర్నీ పిలిచేది కాదు. ఆ గోడల మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆమె ఊహకు అందేది కాదు.

ఒక రాత్రి తుఫాను గాలికి పాక మీద రేకులు లేచిపోయాయి. గోనెపట్టా కప్పుకుని వాన తగ్గేదాకా ఓ మూల కూర్చుంది. తెల్లారి పనికెళ్ళి మెహర్ ముందు నిలబడింది.

"ఇల్లు ఉంది. సగం. ఆదివారం వస్తారా? కూలి ఇస్తా."

మెహర్ అప్పటికి కాస్త తెలుగు పట్టుకున్నాడు. "కట్టింది ఎవరు?" అని అడిగాడు.

"మా ఆయన. లేడు."

అతను ఆదివారం మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందుగా గోడ పక్కన గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. ఇంకో మూలకు వెళ్ళి మళ్ళీ చూశాడు.

"అచ్ఛా మిస్త్రీ" అన్నాడు నెమ్మదిగా. "మంచి చెయ్యి."

ప్రేమమ్మ గబగబా మాలు వైపు తిరిగి పార అందుకుంది. దానయ్య గురించి ఆ మాట ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తులేదు.

వంటింటి వైపు వరసలు లేస్తుంటే ఆపమంది. లింటల్ పైన పొగ పోయే కంత పెడతానని దానయ్య చెప్పేవాడు. ఆ సంగతి మెహర్‌కి ఎలా చెప్పాలో తెలియలేదు. చేతులతో చదరం గీసి, పొయ్యి చూపించి, గాల్లోకి ఊదింది.

"ఓ, రోషన్‌దాన్" అన్నాడు మెహర్. "రోష్నీ. ఎలుగు వస్తాది కదా, దీదీ."

దానయ్య పొగ బయటికి పోవడానికన్నాడు. ఇతను వెలుగు లోపలికి రావడానికంటున్నాడు. ఏదైతేనేం, కంత ఒకటే. ప్రేమమ్మ తల ఊపింది. దీదీ అంటే అక్క అని, ఆ పిలుపు తనకేనని ఒక క్షణం ఆగి గ్రహించింది.

మరో రెండు ఆదివారాలకు గోడలు పూర్తయి, పైన కొత్త రేకులు పడ్డాయి. ఆ వారమే కోల్డ్ స్టోరేజీ పని ముగిసింది. మెహర్ వాళ్ళు చెన్నైలో వేరే పనికి వెళ్ళిపోయారు. బస్సెక్కేముందు అతను చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. చెప్పడానికి ఇద్దరి దగ్గరా చాలినన్ని మాటలు లేవు.

ఇప్పుడు కొత్త ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పొద్దునా సాయంత్రం గోడలు తడుపుతుంది. బిందెలో నీళ్ళు చెంబుతో చల్లుతుంటే పచ్చి సిమెంటు గుటకలు వేసినట్టు పీల్చేసుకుంటుంది. చూడటానికి వచ్చిన అల్లాబక్షు ఇల్లంతా కలియదిరిగాడు.

"కింద ఇటుకలు వానకి నల్లబడినయ్యి, పైవి ఎర్రగా ఉన్నయ్యి. అతుకు తెలిసిపోతోందమ్మా. మనిషిని పంపిస్తా, ప్లాస్టరింగ్ చేయించేద్దాం."

ప్రేమమ్మ చెంబు పక్కన పెట్టి, ఆ నల్లటి వరసల మీద అరచెయ్యి ఆనించింది. తడికి చల్లగా ఉన్నాయి.

"ఇప్పుడే వద్దండీ" అంది. "కొన్నాళ్ళు ఇట్టాగే ఉండనియ్యండి."