ఆఫ్రికా అల్లుడి వేషం

కంచరపాలెంలో గవర్రాజు స్టేజీ ఎక్కితే చాలు, నోరు విప్పకముందే జనం నవ్వేవారు. పగలు పోర్టులో ఖలాసీ, సాయంత్రాలు నాటక సమాజంలో హాస్యగాడు. తాగుబోతైనా, చెవిటి మామైనా, దొంగ స్వామీజీ అయినా వేషం కట్టాడంటే ఇక ఆ మనిషే అయిపోయేవాడు.

ఎనభై రెండు దసరాకి శ్రీరామ్మూర్తి అతని కోసమే 'ఆఫ్రికా అల్లుడు' అని నాటకం రాశాడు. శ్రీరామ్మూర్తి ఓ షిప్పింగు ఆఫీసులో గుమాస్తా. సమాజానికి రచయితా, డైరెక్టరూ అతనే. కథ అందరికీ తెలిసిన రకమే. చదువుకున్న కూతురు నల్లజాతి కుర్రాణ్ణి ఇంటికి తెస్తుంది. తల్లి మూర్ఛపోతుంది, తండ్రి గోడ దూకుతాడు. అల్లుడు మొహానికి మసి పూసుకుని, గోనె పీలికలు కట్టుకుని, ఈటె పట్టుకుని "ఊంబా ఊంబా" అని గెంతుతాడు. కోడిని పచ్చిగా పీక్కు తింటాడు. చివరికి అంతా పగలబడి నవ్వుకుంటూ పెళ్ళి చేసేస్తారు. ఇలాంటి పెళ్ళి కథల్లో కొత్త అల్లుడికి పళ్ళుంటాయి గానీ మాటుండదు.

ఈ కథ ఎక్కణ్ణుంచి పుట్టిందో వీధిలో అందరికీ తెలుసు. దీవెనమ్మ కూతురు దేవకుమారి ఆసుపత్రిలో నర్సు. ఇథియోపియా నుంచి ఇక్కడి యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చిన దావీత్‌ని చేసుకోబోతోంది. క్రిస్మస్ వెళ్ళాక పెళ్ళి. దీవెనమ్మ భర్త పోయాక కుట్టుమిషను మీదే పిల్లని పెంచింది. నాటకాల బట్టలు కుట్టేదీ ఆవిడే.

గవర్రాజు గోనెసంచులు చంకన పెట్టుకుని వెళ్ళి ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, కుడతావా?"

దీవెనమ్మ టేపు తీసి అతని నడుము కొలిచింది. "ఎందుకు కుట్టను? అది నా పని. ఆఫ్రికా అల్లుడేసం కడతన్నావట కదా. వొచ్చీ శుక్రవారం మజ్జానం భోజనానికి రా. ఓపాలి మా అల్లుణ్ణి సూసి కట్టుకో."

రానని ఎలా అంటాడు? వెళ్ళాడు.

దావీత్ ఇస్త్రీ చొక్కాలో, చాప మీద మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. గవర్రాజు పక్కన కూర్చుని, ఇద్దరి చేతులూ చూసుకున్నాడు. ఇద్దరిలో తనదే నలుపెక్కువ. దీవెనమ్మ గవర్రాజుకి కోడికూర వడ్డించి, దావీత్‌కి పప్పూ వంకాయకూరా వేసింది.

"ఏటి, కోడికూర తినడా?" అన్నాడు గవర్రాజు ఆశ్చర్యంగా.

"నాను శుక్రవారం తినను మావా, మా సర్చి ఉపాసం," అన్నాడు దావీత్. దేవకుమారి దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి అచ్చం కంచరపాలెం తెలుగే. "మజ్జిగ కూడా ముట్టను."

"మా ఆవిడా శనివారం ఇంతే," అన్నాడు గవర్రాజు. కోడిముక్కని మాత్రం పళ్ళెం అంచుకి తోశాడు.

"నీకు సెప్పనేదు కదూ దావీతూ," అంది దీవెనమ్మ, "ఈ గవర్రాజు దసరాకి నీ ఏసమే కడతన్నాడు. గోనె లంగా నానే కుడతన్నాను."

గవర్రాజు తల వంచేసుకున్నాడు. దావీత్ చెయ్యి కడుక్కుని లేచాడు. మూల ఉన్న గొడుగు చంకలో ఇరికించుకున్నాడు. జుట్టు తడిపి నున్నగా దువ్వుకున్నాడు. అవునో కాదో తెలియకుండా తలూపుతూ, అటూ ఇటూ నడుస్తూ, లేని కుర్రాణ్ణి లెక్క తప్పినందుకు తిట్టాడు. గవర్రాజుకి పొలమారింది.

"ఎవులు బాబూ? అచ్చం మా మేస్టరే!"

"మా దేశంలో, మా బడిలో ఇండియా మాస్టారు. మా నాటకాల్లో ఇండియా వోళ్ళంటే ఇలాగే ఏస్తారు. ఓ పండక్కి పిల్లలు ఏసినపుడు ఆయన పెళ్ళాం పిల్లల్తో ముందర కూకున్నాడు. అందరం నవ్వాం. ఆయన కూతురూ నవ్వింది, సిన్న పిల్ల. నవ్వి, తిరిగి తండ్రి మొగం సూసింది. మరి నవ్వలేదు."

గవర్రాజు నీళ్ళు తాగి అడిగాడు. "మరి, నాటకానికి వొస్తావా?"

"వొస్తాను. నువ్వు పెద్ద ఆర్టిస్టువని కుమారి సెప్పింది."

నాటకం రోజుకి దీవెనమ్మ మూట తెచ్చి ఇచ్చింది. గోనె పీలికలు ఒక్కటీ ఊడకుండా గట్టిగా కుట్టింది. "నా పని నాను సేసాను. కట్టుకోడం, మానడం నీ పని," అని చెప్పి, కూతురితో, దావీత్‌తో ముందు చాప మీద కూర్చుంది. వీధంతా వాళ్ళ వంకే చూసింది. ఆవిడ కొంగు సర్దుకుని స్టేజీ వైపు చూసింది.

గవర్రాజు మూట విప్పలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టేజీ ఎక్కాడు. జనంలోంచి ఎవడో అరిచాడు. "మసేదిరా గవర్రాజూ?"

"నాకింకా మసెందుకురా, ఇది సాల్లేదా?" అన్నాడు చెయ్యి చూపించి. పందిరి ఘొల్లుమంది.

మామ వేషం వేసిన పోలిరాజు కోడి పళ్ళెం ముందుకు తోశాడు. "ఇయ్యాల ఉపాసం మావా, తినను," అన్నాడు గవర్రాజు. ఈ మాట నాటకంలో లేదు. పోలిరాజు నిజంగానే తడబడిపోయి, పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. మూర్ఛపోవలసిన అత్తగారు ఎప్పుడు పడాలో తెలియక నిలబడిపోయింది. గవర్రాజు మర్యాదగా కుర్చీ తెచ్చి, "పడండత్తా, కూకుని పడండి," అన్నాడు. కొందరు ఈల వేసి ఈటె తెమ్మన్నారు, ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు అల్లుణ్ణి చూసి కాక, అల్లుణ్ణి చూసి బెదిరిపోతున్న ఆ ఇంటిని చూసి నవ్వారు. దావీత్ అందరికంటే గట్టిగా నవ్వాడు. దీవెనమ్మ కళ్ళు తుడుచుకుంది.

తెర పడగానే శ్రీరామ్మూర్తి మండిపడ్డాడు. "నా నాటకం పాడుచేసేవ్. ఇంక నీకు ఏసం లేదు!" అన్నంత పనీ చేశాడు. ఆ తర్వాత ఏ నాటకానికీ పిలవలేదు. సాయంత్రం రిహార్సల్సు హార్మోనియం వినపడుతుంటే గవర్రాజు అరుగు మీద కాళ్ళాడిస్తూ కూర్చునేవాడు. తప్పు చేశానని మాత్రం ఎవరి దగ్గరా అనలేదు.

క్రిస్మస్ వెళ్ళాక ఓ రోజు దీవెనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నాకు అన్నదమ్ముల్లేరు తమ్ముడూ. పెళ్ళిలో కుమారికి మేనమావగా నువ్వే నిలబడాల."

గవర్రాజు అప్పుడే అరుగు దిగి నిలబడ్డాడు.

పెళ్ళినాడు చర్చి గుమ్మంలో అందరికీ పన్నీరు చల్లి లోపలికి పంపింది అతనే. వింత చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. తగరపువలస నుంచి వచ్చిన ఓ చుట్టం చెవిలో గుసగుసగా అడిగింది, "పెళ్ళికొడుకుది ఏ జాతి బాబూ?"

"ఏ జాతేటి పిన్నీ? మా అక్క అల్లుడు," అని గవర్రాజు ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టాడు.