శశికాంత్ గారూ!

సంయుక్త వేళ్లు పార్సిల్ బెల్టులో పడి నలిగిపోయాయి. జర్మనీలో మాగ్డెబర్గ్ శివారులోని ఆ గిడ్డంగిలో బెల్టు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగలేదు. కట్టు కట్టించుకొచ్చిన పిల్ల ముందు ఓ కాయితం పెట్టారు.

"యాక్సిడెంట్ రిపోర్టే చెల్లె, సంతకం పెట్టు" అన్నాడు శశికాంత్. అన్న చెప్పాడు కదా అని ఎడంచేత్తో గీసేసింది. తర్వాత తోటి స్టూడెంట్ ఆండాళ్ ఆ జర్మన్ కూడబలుక్కుని చదివితే, తనంతట తానే పని మానేస్తున్నట్టు ఉంది.

నిరుడు ఇదే శశికాంత్ డెబ్బైమంది తెలుగు స్టూడెంట్లను పోగేసి, మంచినీళ్లు తాగనివ్వరా అంటూ బెల్టు ఆపించాడు. ఆనాటి నుంచి అందరికీ అన్న. కంపెనీ అతనికి షిఫ్ట్ లీడర్ జాకెట్టు తొడిగింది. దాని రంగు కూడా జెండా ఎరుపే, సిగ్గులేకుండా! లోపల మనోడుంటే మంచిదేనని అందరూ చప్పట్లు కొట్టారు. ఆండాళ్ కూడా కొట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

"మా ముత్తాత, ఎవరిస్తో అని పేరు, ఆయనదీ ఇదే కథ" అంది పక్కన పనిచేసే మెక్సికో పిల్ల లూపె, వచ్చీరాని ఇంగ్లిషులో. చెరకుతోటల దొర మీద తుపాకి పట్టినవాడట. గెలిచాక, సముద్రమే చూడని ఆ మనిషిని కొత్త ప్రభుత్వం నౌకాదళంలో అధికారిని చేసింది. ఆనక పార్లమెంటులో కుర్చీ ఇచ్చింది. రేవు కూలీలు సమ్మె చేస్తే, కాల్చమన్న కాయితం మీద ఆయన సంతకమూ ఉంది.

"అంతకుముందు తమ్ముడూ అని పిలిచినవాళ్లే ఆ రోజు దొరా అన్నారు. చచ్చేదాకా ఆ మాటే కలవరించాడు."

"కూలీలు గెలిచిన్రా?" అడిగింది ఆండాళ్.

"లేదు."

మధ్యాహ్నం ఆండాళ్ బెల్టు ఆపే బటన్ నొక్కింది. శశికాంత్ ఉరికొచ్చాడు.

"పిచ్చి లేసిందా ఆండాళూ? పోలీసులొస్తరు. వీసా ఖరాబైతది!"

"సంయుక్తను పనిలకు తీసుకోండి, శశికాంత్ గారూ."

అతని ముఖం పాలిపోయింది. "గారేందే? నేను మీ అన్నను!"

"ఆ కాయితం చింపుండ్రి, శశికాంత్ గారూ" అన్నాడు వెనక నుంచి ఇంకో స్టూడెంట్ రాకేష్. లూపె కూడా నోరు తిరక్కపోయినా "గర్రూ" అంది.

డెబ్బైమందిలో నిలబడింది పదకొండు మంది. గెలుస్తామన్న నమ్మకం ఒక్కరికీ లేదు. పోలీసులు వచ్చారు, పేర్లు రాసుకున్నారు. సంయుక్త కాయితం చిరక్కుండా అలాగే ఉంది. పదకొండు మందినీ బయటికి నడిపించారు. బెల్టు మళ్లీ కదిలింది.

ఆండాళ్ గుమ్మం దాటకముందే అది మళ్లీ ఆగింది.

"ఎవర్రా నొక్కింది?" శశికాంత్ అరిచాడు.

తలొంచుకుని పనిచేస్తున్న మిగతావాళ్లు తలెత్తారు.

"తెల్వదు, శశికాంత్ గారూ."