గది నిశ్శబ్దంగా ఉందా?

మూడో విడత దుప్పట్లు డ్రమ్ములోంచి బయటికి లాగుతుండగా మేనేజరు ట్యాబు పట్టుకుని ఆస్పత్రి లాండ్రీలోకి వచ్చాడు. అతని చొక్కా మీద ఒక్క మడత లేదు. రోగుల దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రంలోనే రోజూ పొద్దున తన చొక్కా చేయించుకుంటాడు. అందుకే చాటున అందరూ అతన్ని ఇస్త్రీబాబు అంటారు. ఎదురుగా మాత్రం సార్.

"ముడుల పెద్దమ్మ ఏదీ? పిలవండి. ఇవాళ ఆమె పరీక్ష."

ముడుల పెద్దమ్మ అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉంది. తడి దుప్పట్ల మూట బల్లమీదికి ఎత్తుతోంది. మోచేతుల దాకా నీళ్లు కారుతున్నాయి. ఇస్త్రీబాబుకి మూట కనిపించింది, మనిషి కనిపించలేదు.

"ఇక్కడే ఉన్నా బాబూ," అంది ఆమె. "మూట దించి వస్తా."

అరవై అయిదు నిండటానికి ఆమెకి ఇంకా పద్నాలుగు నెలలుంది. నిండితే పింఛను వస్తుంది. ఆలోగా ముప్పై మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో ఇరవై రెండు రాకపోతే 'వైద్య కారణాల' మీద ఇంటికి పంపుతారు, పింఛను ఉండదు. అరవై దాటిన వాళ్ల మెదడు మీద ఆస్పత్రి యాజమాన్యానికి హఠాత్తుగా ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది. మోకాళ్ల మీద, నడుముల మీద ముప్పై ఏళ్లుగా పుట్టని ప్రేమ. పరీక్ష చేయడానికి ఒక కంపెనీని కుదుర్చుకున్నారు. డాక్టరు రానక్కర్లేదు, రోగి పోనక్కర్లేదు. తెరమీదే అంతా.

ఇంతవరకూ ఆరుగురు పరీక్షకి కూర్చున్నారు. ఆరుగురూ తప్పారు. బాయిలర్ మామయ్యని ఇవాళ తేదీ ఎంత అని అడిగితే, "జీతానికింకా నాలుగు రోజులుందమ్మా," అన్నాడు. అంతకంటే కచ్చితమైన జవాబు ఆ ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేరు. సున్నా వేశారు. చప్పుడు విని ఆవిరి ఎంత పట్టిందో చెప్పే మనిషి ఇప్పుడు పొద్దున్నే లేచి గేటు దాకా నడిచి వస్తాడు. లోపలికి రానివ్వరు. కాసేపు నిలబడి వెళ్లిపోతాడు.

ఇస్త్రీబాబు సబ్బుపొడి డబ్బా ఒకటి బోర్లించి, ఎదురుగా ఇంకో డబ్బా మీద ట్యాబు ఆనించాడు. వెనక రెండు డ్రమ్ములు, పక్కన నీళ్లు పిండే యంత్రం, ఎదురుగా ఇస్త్రీ యంత్రం. అన్నీ తిరుగుతున్నాయి.

ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడ్డ, వరసకి కోడలయ్యే పిల్ల నవ్వింది. "బాగా రాయి అత్తా. పాసైతే సంబంధాలు చూస్తాం."

"ముందు నీ మొగుడికి చదువు చెప్పించు. నాకు సంబంధాలు తర్వాత చూద్దువు," అంది పెద్దమ్మ, చేతులు తుడుచుకుంటూ.

తెరమీద ఒక అమ్మాయి ప్రత్యక్షమైంది. చెవులకి ఇయర్‌ఫోన్లు, వెనక పరదా. పరదా వెనక మంచం ఉందనీ, ఆ మంచం మీద ఆరిన బట్టల కుప్ప ఉందనీ కంపెనీకి తెలియదు. రోజుకి పద్దెనిమిది పరీక్షలు చేస్తుంది. పూర్తయిన పరీక్షకే డబ్బు. మధ్యలో ఆగితే ఏమీ లేదు. ఈ లాండ్రీ ఆమె వంతుకే వచ్చింది. ఆరుగురినీ చేసింది ఆమే.

"నమస్తే మేడమ్," అంది అమ్మాయి.

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది, మేడమ్ ఎవరొచ్చారా అని.

"మిమ్మల్నేనమ్మా."

"అయితే పెద్దమ్మా అను తల్లీ. పలుకుతా."

ఫారంలో మొదటి ప్రశ్న పరీక్ష చేసేవాళ్లకి. గది నిశ్శబ్దంగా ఉందా? అమ్మాయి అడిగింది. ఇస్త్రీబాబు వంగి, యంత్రాల హోరుని మించి గొంతు పెంచి, "ఆ, నిశ్శబ్దంగానే ఉందండీ," అని అరిచాడు.

అమ్మాయి 'ఉంది' మీద నొక్కింది. ఏడోసారి.

"అయిదు మాటలు చెబుతాను పెద్దమ్మా. గుర్తు పెట్టుకోండి. మళ్లీ చెప్పను. కాసేపయ్యాక అడుగుతాను. తలుపు. గుర్రం. నిమ్మకాయ. రైలు. దువ్వెన."

పెద్దమ్మ నడుముకి దోపుకున్న గుడ్డ పీలిక తీసింది. పాత దుప్పటి చింపిన పీలిక. ముప్పై ఒక్కేళ్లుగా ఆమె పద్ధతి అదే. పిల్లల వార్డు మూటకి ఒంటి ముడి, కాన్పుల వార్డుకి జంట ముడి, ఆపరేషన్ గదికి కొస లోపలికి దోపిన ముడి. చదువు లేదు, వేళ్లున్నాయి. చీకట్లో తడిమి కూడా ఏ మూట ఎక్కడికో చెబుతుంది. పోయిన ఏడాది యాజమాన్యం ముడులు మాన్పించి రంగు స్టిక్కర్లు తెచ్చింది. మొదటి ఉతుకులోనే అవన్నీ ఊడి కాలవకి అడ్డం పడ్డాయి. కాలవలో చెయ్యి పెట్టి వాటిని తీసింది పెద్దమ్మే. స్టిక్కర్లు తెప్పించినందుకు ఇస్త్రీబాబుకి మెచ్చుకోలు కాగితం వచ్చింది. మర్నాటి నుంచి మళ్లీ ముడులే.

ఇప్పుడు ఒళ్లో ఆ పీలిక మీద వేళ్లు ఆడాయి. మూడు ముడులు పడ్డాయి.

తర్వాత గడియారం బొమ్మ గియ్యమన్నారు. పెన్సిల్‌ని చీపురులా పట్టుకుని పెద్దమ్మ గుండ్రంగా గీసింది. కింద సున్నా, చుట్టూ గీతలు, ఒకే ఒక్క ముల్లు. డ్రమ్ము మీద ఉండే డయల్ అది. ఆమె బతుకంతా చూసుకుని పని చేసిన గడియారం అదొక్కటే.

"రెండో ముల్లు ఏది పెద్దమ్మా?"

"రెండోదెందుకు? ఎంతసేపు ఉతకాలో ఒకటే చెబుతుందిగా."

ఇస్త్రీబాబు పకపకా నవ్వాడు. నవ్వుతూ వంగినప్పుడు ఆమె ఒళ్లో పీలిక కనిపించింది. నవ్వు ఆపి దాన్ని లాక్కుని, దొంగని పట్టిన పోలీసులా కెమెరా ముందు ఊపాడు.

"చూడండి మేడమ్. కాపీ. ముడులు వేసుకుని గుర్తు పెట్టుకుంటోంది."

"కాపీ ఏంటి బాబూ, రోజూ చేసే పనే," అంది పెద్దమ్మ.

"రోజూ చేసే మోసం అను. నీ తెలివి నా దగ్గరా?" ఇన్నాళ్లూ ఏ ముడులు తన ఉద్యోగం నిలబెట్టాయో అతనికి తట్టలేదు. పీలికని జేబులో కుక్కుకున్నాడు.

అమ్మాయి తెరమీద కింద ఒక అక్షరాల వరుస వెలిగింది. కంపెనీ పై అధికారి ఎక్కడో కూర్చుని వింటాడు. అతనికి ముఖం ఉండదు, వాక్యాలుంటాయి. 'ఉపకరణం వాడారు. ఈ భాగం సున్నా. త్వరగా ముగించండి.'

సున్నా వేస్తే మొత్తం ఇరవై దాటదు. అమ్మాయికి ఆ లెక్క నోటికి వచ్చు.

"పీలిక లేకుండా చెప్పండి పెద్దమ్మా. అయిదు మాటలు."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఖాళీ వేళ్లు గాలిలో ముడి వేసినట్టు కదిలాయి. "తలుపు. నిమ్మకాయ. రైలు."

"ఇంకో రెండు?"

"అవి నాకు చేరలేదమ్మా. ఆ రెండుసార్లూ డ్రమ్ము నీళ్లు వదిలింది, నీ పెదాలు కదలడమే చూశా. చేరినవాటికే ముడి వేశా. వినపడందాన్ని మరిచిపోవడం ఎలా తల్లీ?"

కింద మళ్లీ వరుస వెలిగింది. 'ముగించండి.' అమ్మాయి వేలు ముగింపు మీటకి దగ్గరగా వెళ్లింది. వెళ్లి ఆగింది. తర్వాత ఫారం పైకి జరిపింది. ఇంకా పైకి. మొదటి ప్రశ్న దాకా.

గది నిశ్శబ్దంగా ఉందా?

'ఉంది' తీసేసి 'లేదు' నొక్కింది. ఫారం మొత్తం బూడిదరంగుకి మారింది.

"మేనేజరుగారూ, ఈ పరీక్ష చెల్లదు. గదిలో చప్పుడుంది."

"ఇప్పుడు గుర్తొచ్చిందా? మిగతా ఆరుగురికీ చెల్లింది కదా," అన్నాడు ఇస్త్రీబాబు. అన్నాక గానీ నోరు జారిందని అతనికి తెలియలేదు.

"చెల్లలేదు సార్. ఆరుసార్లూ ఉందని అబద్ధం రాశాను. మీరు చెప్పారు, నేను రాశాను." అమ్మాయి తెరకి దగ్గరగా జరిగింది. "పెద్దమ్మా, వాళ్లు కూడా అక్కడే కూర్చున్నారా?"

"ఈ డబ్బా మీదే. ఈ హోరులోనే."

ఇస్త్రీబాబు ట్యాబు మూయడానికి చెయ్యి చాపాడు. పెద్దమ్మ తడి చెయ్యి అంతకంటే ముందు దాని మీద పడింది.

"ఉండు బాబూ. అమ్మాయి మాట్లాడుతోంది."

"చెయ్యి తియ్యి. ఇవాళే నీ లెక్క తేలుస్తా."

"తేల్చు. చెయ్యి మాత్రం తియ్యను."

అతను ఆమె మణికట్టు పట్టుకోబోయాడు. కానీ ఇస్త్రీ మెరిసే చొక్కా చేతి అంచు తడిసిపోతుందేమోనని వెనక్కి లాక్కున్నాడు.

ఇస్త్రీ యంత్రం దగ్గర కోడలు ఎర్ర మీట నొక్కింది. పొడవాటి రోలరు మూలుగుతూ ఆగింది. నీళ్లు పిండే యంత్రం దగ్గరి మనిషి ఆమె వంక చూశాడు. తనూ నొక్కాడు. డ్రమ్ములు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించాయి.

"ఎవరు ఆపమన్నారు? ఎవరు?" అన్నాడు ఇస్త్రీబాబు. ఆ గదిలో అతని అసలు గొంతు అందరికీ వినపడటం అదే మొదటిసారి. అంత పెద్దదేమీ కాదు.

"పెద్దమ్మా," అంది తెరమీది అమ్మాయి. కింద వరుసలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతున్నాయి. ఆమె వాటిని చూడటం లేదు. "ఆ ఆరుగురూ ఎవరెవరో మొదటి నుంచి చెప్పండి. నా ఫారాల్లో పేర్లుండవు, నంబర్లే. నేను రాసుకుంటా."

పెద్దమ్మ బల్లమీది చిరిగిన దుప్పటి అంచు పళ్లతో పట్టి, ఒక్క చేత్తో బారెడు పీలిక చింపింది. రెండో చెయ్యి ఇంకా ట్యాబు మీదే ఉంది.

"బాయిలర్ మామయ్య," అంది. పీలికని పళ్ల మధ్య బిగబట్టి మొదటి ముడి లాగింది. ఆ గదిలో ముడి బిగిసిన చప్పుడు కూడా వినపడింది.