ఎర్మెలిండా గుండె పరుగు

మా చిలోయే దీవిలో వాన ఎంత కురుస్తుందంటే, ఒక ఏడాది నా గొర్రె తడిసి తడిసి నాచు పట్టింది. ఉన్ని కత్తిరించబోతే అందులో చేప దొరికింది. నమ్మనివాళ్లు మానెయ్యండి. గొర్రె చచ్చిపోయింది, చేపను తినేశాను, సాక్ష్యం లేదు.

ఈ కథ వినే మనిషి ఒక్కతే మిగిలింది, కంచె అవతలి ఎర్మెలిండా. మొగుడు ఉన్ని కత్తిరించే పనికి దూరంగా దక్షిణపు మైదానాలకు పోయాడు. ఏడో నెల కడుపుతో ఒక్కతే ఉంటోంది. మా ముసలిది పోయాక నేనూ ఒంటరినే. మధ్యాహ్నం దాటితే ఆమె పొయ్యి దగ్గర చేరేవాణ్ణి. సొరబుర్రలో టీ లాంటి మాతే ఆకు, పైన వేడినీళ్లు, పీల్చడానికి ఒకే గొట్టం. ఆమె ఒక వంతు, నేనొక వంతు. బుర్ర చేతికివ్వకుండా మా ఊళ్లో ఎవరూ ఎవరినీ కూర్చోమనరు.

ఒకరోజు బుర్ర అందిస్తూ ఆగిపోయింది.

"తాతా, గుండె దడదడలాడుతోంది. కూర్చున్నా తగ్గట్లేదు."

"మొగుడు గుర్తొచ్చాడేమో."

"వాడు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది, దడ రాదు," అంటూ లేచి, తూలి గోడ పట్టుకుంది. మొహం పాలిపోయింది.

వేళాకోళం కట్టిపెట్టాను. ఆమెను పడవెక్కించి ఆసుపత్రి ఉన్న రేవుకు తెడ్డు వేశాను. బిడ్డకేమవుతుందోనని ఆమె దారంతా కడుపు మీది చెయ్యి తియ్యలేదు.

అక్కడి నర్సమ్మ గుండె చప్పుడు విన్నది, తీగలు తగిలించి చూసింది, రక్తం తీసి పరీక్ష చేసింది.

"ఇద్దరి కోసం కొట్టుకునే గుండె కాస్త వేగంగానే ఉంటుంది. కానీ నీకు రక్తం తక్కువ. మంచినీళ్లు తాగుతున్నావా?"

"మాతే తాగుతున్నాగా. పొద్దున్నించీ అదే. ఇంట్లో ఎవరూ లేరు కదమ్మా, కెటిల్ మరుగుతుంటే మనిషి ఉన్నట్టుంటుంది."

నర్సమ్మ మాత్రల పొట్లం ఆమె చేతిలో పెట్టింది. "ఆ ఆకు గుండెను తరుముతుంది, మానెయ్. ఇనుము మాత్రలు వేసుకో, నీళ్లు తాగు, నెమ్మదిగా లే. దడ వస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకో. స్పృహ తప్పినా, ఊపిరాడకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా వెంటనే వచ్చెయ్."

తర్వాత నా వైపు తిరిగింది. "నీ గుండె ఎలా ఉంది, తాతా?"

"అడిగేవాళ్లు లేక మాట్లాడ్డం మానేసింది."

ఎర్మెలిండా బుర్రను అటక మీద పెట్టేసింది. మర్నాటి నుంచి నేను పోలేదు. ఏ వంకతో పోను? చేతికి ఏమిచ్చి పిలుస్తుంది? ఆమె కిటికీలోంచి ఆమె వానను చూసేది, నా కిటికీలోంచి నేను చూసేవాణ్ణి. పిల్లికి గొర్రె కథ చెబితే మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఎర్మెలిండా కంచె దగ్గర కనిపించింది.

"తగ్గిందా?"

"తగ్గింది, తాతా. ఇప్పుడు ఇంట్లో ఆ కెటిల్ చప్పుడు కూడా లేదు."

ఆ మాటతో నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఎండబెట్టిన యాపిల్ తొక్కలు జేబులో పోసుకుని ఆమె పొయ్యి దగ్గరికి పోయాను.

"బుర్ర దించు."

"నర్సమ్మ వద్దంది."

"ఆకు వద్దంది. బుర్రనేమన్నా అందా?"

బుర్ర బాగా కడిగి, తొక్కలు వేసి, వేడినీళ్లు పోసింది. ఒక గుక్క పీల్చి మొహం చిట్లించింది.

"గడ్డి కడిగిన నీళ్లు."

"రాజులు తాగేది ఇదే. ఇలా తే, నా వంతు."

"అయితే గొర్రె కథ చెప్పు."

చెప్పాను. ఈసారి చేపలు రెండయ్యాయి. నవ్వుతూ నవ్వుతూ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నేను ఆగిపోయాను.

"పరిగెడుతోందా?"

ఆమె కళ్లు మూసుకుని కాసేపు విన్నది.

"లేదు, నడుస్తోంది. చెప్పు, ఆ రెండో చేపనేం చేశావ్?"