బీరువా మీద బొమ్మల అట్ట

నాలుగేళ్లు నిండినా ఉడుతకి మాటలు రాలేదు. క్షణం కుదురుగా ఉండదని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు అది. వాళ్లమ్మ దర్జీ. ముందుగదిలో మిషను పెట్టుకుని గౌన్లు కుట్టేది, అడిగినవాళ్లకి పూసల పని కూడా చేసిపెట్టేది.

మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి పిల్లని తీసుకెళితే ఆమె ఒక బొమ్మల అట్ట ఇచ్చింది. నీళ్లు, పాలు, ఇంకా, వద్దు, నొప్పి, కడుపు, చెవి... గడికో బొమ్మ.

"మీరు మాట్లాడేటప్పుడు వీటి మీద వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడండి. పాపని చూపించమని బలవంతపెట్టొద్దు. చూసి చూసి తనే మొదలెడుతుంది."

"ఇది అలవాటైతే ఇక నోరు తెరుస్తుందా మేడమ్?"

"అట్ట మాటకి అడ్డం రాదమ్మా. తోడుంటుంది."

అమ్మ తలూపింది గానీ మనసొప్పలేదు. ఇంటికొచ్చి అట్టని బీరువా మీద పడేసింది. భర్త అడిగితే, "నా కూతుర్ని మూగదాన్ని చేద్దామనా?" అని కస్సుమంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. మేడమ్ దగ్గరికి వెళ్లడమూ మానేశారు.

నీళ్ల గ్లాసు అందకుండా ఎత్తిపట్టుకుని, "నీళ్లు అను, అంటేనే ఇస్తా," అనేది అమ్మ. పిల్ల పెదాలు కూడదీసుకునేది. ఏదో కూత వచ్చేది, తర్వాత ఏడుపు. మంకుపట్టని అమ్మ ఇంకాస్త బిగుసుకునేది.

వానలు మొదలయ్యాక పిల్ల మరీ పేచీకోరు అయింది. తల దువ్వబోతే కెవ్వుమనేది, పడుకోబెడితే లేచి కూర్చునేది. ఒకరోజు గౌను కొలతలకొచ్చిన ఆవిడ ముద్దుచేయబోతే చేయి కొరికేసింది. పరువు పోయిందని అమ్మ దాన్ని ఒక్కటేసింది.

ఆ సాయంత్రం భర్త అట్ట కిందికి దించి దుమ్ము తుడిచాడు. "రేపు నేను తీసుకెళ్తా. నువ్వు రాకపోయినా సరే," అన్నాడు. ఆమె కూడా వెళ్లింది, ఎలాగూ లాభం లేదని రుజువు చెయ్యడానికే.

మేడమ్ పిల్లతో నేల మీద కూర్చుని బుడగలు ఊదుతూ "ఇంకా" బొమ్మ తాకేది, చాలనిపిస్తే "వద్దు" తాకేది. ఇలా వారాలు గడిచాయి. ఒకరోజు ఉడుత బుడగలు వదిలేసి అట్ట లాక్కుంది. నొప్పి. చెవి. మళ్లీ నొప్పి, మళ్లీ చెవి. తలెత్తి వాళ్లమ్మ కేసి చూసింది.

"ఊరికే ఆడుకుంటోంది మేడమ్."

"ఊరికే అయినా సరే, చెప్పినట్టే తీసుకుందాం. చెవి డాక్టరుకి చూపించండి."

డాక్టరు లైటు వేసి లోపలికి చూశాడు. సన్నటి పనిముట్టుతో నీలం పూస ఒకటి బయటికి తీసి దూది మీద పెట్టాడు. చుట్టూ చీము. అది ఎక్కడిదో అమ్మకి వెంటనే తెలిసింది. ఆ రంగు పూసలు ఎండాకాలంలో కుట్టిన గౌనువి.

"చాలా రోజులైనట్టుందే! పాప చెప్పలేదా?" అన్నాడు డాక్టరు యథాలాపంగా.



ఇంటికొచ్చాక, "తిట్టండి నన్ను," అంది భర్తతో.

"తిడితే ఏమొస్తుంది," అని ఆయన పిల్ల బట్టలు మార్చసాగాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

మర్నాడు ఒక్కతే మేడమ్ దగ్గరికి వెళ్లింది. "అట్ట మీద 'క్షమించు' అని ఓ బొమ్మ పెట్టరూ?"

మేడమ్ తల అడ్డంగా ఊపింది. "అది మీక్కావాల్సిన మాటమ్మా. పాపకేం కావాలో ఆలోచించండి."

అమ్మ కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "ఆపు," అంది చివరికి. మేడమ్ ఎత్తిపట్టిన అరచేయి బొమ్మ గీసి ఖాళీ గడిలో అంటించింది.

చెవిలో చుక్కలు వెయ్యాలి. మొదట్లో నాన్న పట్టుకుంటే అమ్మ వేసేది, పిల్ల గింజుకునేది. నాన్న ఇంట్లో లేని ఓ పూట అమ్మ సీసా తెచ్చేసరికి పిల్ల అట్ట మీద అరచేయి బొమ్మని గట్టిగా నొక్కింది.

అమ్మ సీసా కింద పెట్టేసింది. "సరే, ఆపాను."

పిల్ల నమ్మనట్టు సీసా కేసి, అమ్మ కేసి చూసింది. మళ్లీ నొక్కింది. అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తర్వాత మెల్లగా తనే అట్ట మీద చెవి చూపించింది, నొప్పి చూపించింది. "చుక్కలు వేస్తే తగ్గుతుంది తల్లీ. నువ్వు సరేనన్నాకే వేస్తా," అంది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న వాసన వచ్చింది. అమ్మ లేవలేదు. చాలాసేపటికి ఉడుత తనంతట తనే వచ్చి ఒళ్లో తల పెట్టింది, ఒళ్లంతా బిగబట్టుకుని.

నాన్న వచ్చి అడిగాడు. "వేశావా? ఏడ్చిందా?"

"ఆపమంది. ఆపాను. తర్వాత ఒప్పుకుంది."

ఆయన ముఖం విప్పారింది. ఆమె మాత్రం మాడిన గిన్నె తోముతూ తలెత్తలేదు.

"ఇన్నాళ్లూ ఎన్నిసార్లు ఆపమందో," అంది.