చిట్టి చేసిన చెవిపెట్టె

మా చిట్టి చేసిన పెట్టెను ఆపెయ్యడానికి నన్ను పిలిపించారు. చిట్టి పనిచేసిన, ఆకాశంలోకి యంత్రాలు పంపే ఆఫీసులో వాళ్ళకో పద్ధతి ఉంది. పైకి పంపిన యంత్రంలో ఏ పనిముట్టును శాశ్వతంగా ఆపాలన్నా, ఆఖరున "పంపండి" అనే మాట దాన్ని తయారుచేసినవాళ్ళే అనాలి. వాళ్ళు లేకపోతే వాళ్ళ మనిషి. చిట్టి నా కూతురు. అది పోయి రెండేళ్ళు దాటింది. దాని మొగుడిదీ ఆ ఆఫీసులోనే ఉద్యోగం. "నా నోటితో అనలేను అత్తయ్యా" అన్నాడు. అందుకని నేను బయల్దేరాను.

ఎక్కడో బోలెడంత దూరాన ఒక పెద్ద గ్రహం, దాని చుట్టూ మంచు కప్పుకున్న చందమామలు. "ఆ మంచు కింద నీళ్ళున్నాయేమో నా పెట్టె చెవి పెట్టి వింటుందమ్మా" అనేది చిట్టి.

"పక్కింటి గోడకి చెవి పెట్టినట్టా?"

"అదే! నీ దగ్గర నేర్చుకున్న విద్యేగా!"

ఎంత మాటంటే అంత మాట నా కూతురిది. యంత్రం ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి అక్కడికి చేరేసరికి చిట్టే లేదు. చిట్టి మనసుపడ్డ చందమామ పక్కకు వెళ్ళడానికి ఇంకా కొన్ని వారాలుందనగా యంత్రంలో కరెంటు తగ్గిపోయింది.

"అన్నిటికీ సరిపోదమ్మా" అంది వాళ్ళ పెద్ద మేడం, నా చెయ్యి పట్టుకుని. "ఇంధనం గొట్టాల్ని వెచ్చగా ఉంచడానికి కరెంటు కావాలి. అవి గడ్డకడితే యంత్రమే పోతుంది."

"ఆ ఒక్క చందమామ దాటేదాకా ఆగండి మేడం" అన్నాడు అల్లుడు. "పోనీ కెమెరా ఆపుదాం."

"కెమెరా లేకపోతే దారెలా తెలుస్తుంది నాయనా?"

అల్లుడు నా వైపు చూశాడు. వద్దనమని ఆ చూపు. వద్దనాలనే ఉంది నాకూ, మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ యంత్రంలో ఇంకెంతమంది తల్లుల పిల్లల కష్టముందో! చిట్టే ఉంటే, వద్దన్నందుకు నన్ను తిట్టిపోసేది.

"పంపండి" అన్నాను.

ఎదురుగా తెర మీద చిట్టి పెట్టె పంపే గీత మాత్రం కదులుతూనే ఉంది.

"ఆగలేదేం?"

"కబురు అక్కడికి చేరి, అక్కడి సంగతి మళ్ళీ మనకి తెలియాలి కదా అత్తయ్యా. గంటన్నర పడుతుంది."

అక్కడే ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఆనాడూ అంతే, చిట్టిని మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారు ఆసుపత్రిలో. దాని నైటీ ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీస్తుంటే ఫోన్ మోగింది. అప్పటికే అది పోయింది. నాకు మాత్రం ఆ రాగం ఆగేదాకా బతికే ఉంది.

అల్లుడు కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు. ఇద్దరం గీతనే చూస్తూ కూర్చున్నాం.

"ఈపాటికి అక్కడ ఆగిపోయి ఉంటుంది" అన్నాడు చాలాసేపటికి.

"నోరు మూసుకో నాయనా. కదలనీ."

కదిలింది. కదిలి కదిలి, ఒక్కసారిగా చదునైపోయింది. అల్లుడు నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఎంత పెద్దవాడైనా వీపు నిమరక తప్పుతుందా!

నేను వచ్చేసేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. "చందమామ ఫోటోలు తెచ్చి చూపిస్తాను అత్తయ్యా."

"తీసుకురా. నీళ్ళున్నాయో లేదో మాత్రం ఎవరూ ఊహించి నాకు చెప్పొద్దు. అది చిట్టి చెప్పాల్సిన మాట."